సముద్రాల ఆమ్లీకరణ పాఠానికి గుడ్డుపెంకు-వెనిగర్ ప్రయోగం ఉంచాలా, తీసేయాలా?

తీరరేఖ: సముద్రాల ఆరోగ్యం మీద ఏ పాఠ్యసామగ్రి తెరిచినా ఇదే. పెంకును వెనిగర్‌లో వేసి, నురగ చూపించి, ‘గవ్వలు ఇలాగే కరుగుతున్నాయి’ అంటారు. ఇది తప్పు పాఠమండి. కిరాణాకొట్టు వెనిగర్ పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ) 2.5 దగ్గర ఉంటుంది. సముద్రం పైపొర పీహెచ్ పరిశ్రమలు రాకముందు 8.2, ఇప్పుడు 8.1. అంటే నేటి సముద్రం కన్నా వెనిగర్‌లో హైడ్రోజన్ అయాన్లు సుమారు 4 లక్షల రెట్లు! సముద్రం పుల్లబడిపోయిందనుకుని పిల్లలు ఇంటికెళ్తారు.

సుద్దముక్క: ఒప్పుకోను. ఒక్క పీరియడ్‌లో 8.2కీ 8.1కీ తేడా ఎలా చూపిస్తారు? పెంకు కాల్షియం కార్బొనేట్ అనీ, ఆమ్లం దాన్ని తినేస్తుందనీ ముందు కంటికి ఆనాలి. పక్కన మంచినీళ్ల గ్లాసులో ఇంకో పెంకు వేసి, ‘ఇది సముద్రం కాదు’ అని బోర్డు మీద రాస్తే సరిపోతుంది.

తీరరేఖ: రాసినా గుర్తుండేది నురగే. అసలు దెబ్బ కరగడం కన్నా ముందే పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కలిసేకొద్దీ నీటిలో కార్బొనేట్ అయాన్లు తగ్గి, లార్వా (గుడ్డు నుంచి వచ్చిన పిల్లజీవి) పెంకు కట్టుకోవడానికి సరుకు కరువవుతుంది. అమెరికాలో ఒరెగాన్ తీరపు హ్యాచరీలో (పిల్లజీవుల్ని పెంచే కేంద్రంలో) 2007 తర్వాత ఆల్చిప్పల లార్వాలు కుప్పలుగా చచ్చిపోయింది ఇందుకే. నీటికి సోడియం కార్బొనేట్ కలిపాక గట్టెక్కారు.

బ్యూరెట్: వెనిగర్ బదులు ఇది చేయండి. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో (బ్యాటరీలకు పోసేదే) 2 గ్రాముల బేకింగ్ సోడా కరిగించండి. అందులో 10 మి.లీ. తీసి లీటరుకు నింపితే, ఆమ్లాన్ని తట్టుకోవడంలో దాదాపు సముద్రపు నీటికి సాటి. ఇది ‘అ’ గ్లాసు. దీనిలో ఒక వంతుకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే ‘ఆ’ గ్లాసు. రెండింట్లో 100 మి.లీ. చొప్పున పోసి, బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లం పెరిగేకొద్దీ నీలం నుంచి ఆకుపచ్చ, తర్వాత పసుపుకు మారే సూచిక) సమానంగా చుక్కలేసి, స్ట్రాతో ఊదించండి; ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలుస్తుంది. ‘ఆ’ త్వరగా పసుపైపోతుంది, ‘అ’ నెమ్మదిగా ఆకుపచ్చకు దిగుతుంది. సముద్రం ఎందుకు ఇంత తక్కువే మారిందో అక్కడే కనిపిస్తుంది.

బోరు నీళ్లు వాడితే పాడవుతుంది, వాటిలో బైకార్బొనేట్ (బేకింగ్ సోడాలో ఉండేదే) ముందే ఉంటుంది. మరిగే నీళ్లలో సోడా కలపొద్దు, కార్బొనేట్‌గా మారి పీహెచ్ పెరుగుతుంది. స్ట్రా పైభాగాన గుండుసూదితో చిల్లు పెట్టండి, పిల్లలు పీల్చినా నీళ్లు నోట్లోకి రావు.

సుద్దముక్క: ఇది తొమ్మిదో తరగతికి బాగుంటుంది. ఏడో తరగతికి మాత్రం నేను పెంకునే ఉంచుతాను.

తీరరేఖ: తొమ్మిదిలో దీని తర్వాత హవాయి దగ్గరి అలోహా స్టేషన్ (సముద్రపు నీటిని క్రమం తప్పక పరీక్షించే చోటు) పీహెచ్ కొలతలు ఇవ్వండి, 1988 నుంచి ఉన్నాయి, ఉచితం. నిలువు అక్షం 0 నుంచి 14 వరకు పెడితే గీత బల్లపరుపుగా కనిపిస్తుంది. 8.0 నుంచి 8.2 వరకు పెట్టి మళ్లీ గీయించండి.