అన్నీ "నేనే" అంటాడు, ఉన్న ఒక్క ఫ్రెండ్‌నీ కొరికాడు. ఏం చేయను?

మియాపూర్ అమ్మ:

అందరికీ నమస్కారం. మావాడికి మొన్ననే రెండేళ్ల నాలుగు నెలలు నిండాయి. నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే మాట, "నేనే". చెప్పులు నేనే, నిక్కరు నేనే, లిఫ్టు బటన్ నేనే. పొరపాటున నేను నొక్కేశానా, అయిపోయింది. కిందికి వెళ్లినవాళ్లం మళ్లీ ఐదో అంతస్తుకి వచ్చి, బయట నిలబడి, తలుపు మూసుకున్నాక వాడు నొక్కాలి. వాచ్‌మన్ తాతకి మేమే సాయంత్రం కాలక్షేపం.

అన్నం దగ్గర ఇంకో కథ. పప్పన్నం వాడే కలుపుకోవాలట. నోట్లోకి పోయేదానికంటే మోకాళ్ల మీద పడేదే ఎక్కువ. మా అత్తయ్యగారు చూడలేరు. "పసివాడి కడుపులోకి ఏం పోయిందే?" అని గోరుముద్దలు చేసి తెస్తారు. వాడు పెదాలు బిగించి తల తిప్పేస్తాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంటారు. మధ్యలో నేను.

ఇక అసలు సంగతి. మూడో అంతస్తులో వీడి ఈడు పాప ఉంది, చిన్ని అంటాం. వీడికంటే ఇరవై రోజులు పెద్ద. పొద్దున కళ్లు తెరవగానే "తిన్ని ఏదీ?" అంటాడు. సాయంత్రం ఆ పిల్ల గుమ్మంలోకి రాగానే ఒకటే గంతులు. తీరా లోపలికి వచ్చాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు! వీడు ఇటు తిరిగి పాత కుక్కర్ గ్యాస్కెట్ పట్టుకుని బస్సు నడుపుతుంటాడు, ఆ పిల్ల అటు తిరిగి డబ్బాలో చెంచాలు వేసి తీస్తూ ఉంటుంది.

సోమవారం చిన్ని వచ్చి ఆ గ్యాస్కెట్ పట్టుకుంది. "నాదీ!" అని మోచేతి కింద కొరికేశాడు. పళ్ల అచ్చులు పడ్డాయి, పాపం. నాకు తల కొట్టేసినట్టయింది. "ఫ్రెండ్ కదా నాన్నా, ఇచ్చెయ్యి, గుడ్ బాయ్ కదా" అంటూ లాక్కుని పాప చేతిలో పెట్టాను. వీడు నేల మీద పడి ఏడుపు, ఆ పిల్ల నించుని ఏడుపు. గ్యాస్కెట్ మాత్రం సోఫా కింద పడి ఉంది, ఎవరికీ అక్కర్లేదు. వాళ్లమ్మ ఏమీ అనలేదు కానీ రెండు రోజులుగా పాపని పంపట్లేదు.

ప్లేస్కూల్లో వేస్తే షేరింగ్ అలవాటవుతుంది అని మా ఆఫీసులో అంటున్నారు. వేసేయమంటారా? అసలు వీళ్లది స్నేహమేనా?

గోదారి టీచరు:

అమ్మా, నేను అంగన్‌వాడీ టీచర్నండి, పదహారేళ్లయింది. ఆ వయసులో స్నేహం అలాగే ఉంటుందండి. ట్రైనింగులో మాకు చెప్పారు, మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ అమెరికాలో నర్సరీ పిల్లలు ఆడుకోవడం చూసి 1932లోనే రాసిందట, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం కూడా ఒక రకం ఆటేనని. సమాంతర ఆట అంటారు. మా కేంద్రంలో ఇద్దరు పిల్లలు చాప మీద వీపూ వీపూ ఆనించుకుని సీసా మూతలతో ఆడేవారు. పలకరింపు లేదు, ఏమీ లేదు. ఓ రోజు ఒకడికి జ్వరం వచ్చి రాలేదు. రెండోవాడు మూతలు ముట్టుకోలేదండి, గుమ్మం వైపు చూస్తా కూర్చున్నాడు.

మీరు గ్యాస్కెట్ లాక్కుని ఇచ్చారు చూడండి, అక్కడ తేడా వచ్చింది. చిన్ని వస్తే నా వస్తువులు పోతాయి అని వాడి బుర్రలో పడిపోద్ది. పాప రాకముందే వాడికి ప్రాణమైన వస్తువేదో అడిగి, వాడి చేతే బీరువాలో పెట్టించండి. మిగతావి రెండేసి ఉంచండి. పాత గ్యాస్కెట్ ఇంకోటి ఏ ఇంట్లో దొరకదు?

కొరికితే ముందు కొరికించుకున్న పిల్ల దగ్గరికి వెళ్లాలి, వాడి దగ్గరికి కాదు. తడిగుడ్డ పెట్టండి. చర్మం తెగితే సబ్బుతో కడిగి డాక్టరుకి చూపించాలి. తర్వాత వాడి ఎత్తుకి కూర్చుని "కొరకకూడదు, నొప్పి" అనండి, అంతే. తిరిగి కొరికి చూపించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ పని మాత్రం చేయకండి.

ప్లేస్కూలంటారా, మా దగ్గర పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన వాళ్లకేనండి. అంతకంటే చిన్నోళ్లు అమ్మ చంకనెక్కి బాలామృతం ప్యాకెట్టు కోసం వస్తారు. మీకు ఆఫీసు ఇబ్బంది ఉంటే వేయండి. షేరింగ్ కోసమే అయితే తొందరేం లేదు.

ఇంకోటి, వాడే తింటానంటున్నాడు కాబట్టి పల్లీలు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్షపళ్లు నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెట్టండి.

తెనాలి బామ్మ:

అమ్మాయీ, టీచరుగారు చెప్పింది బాగుంది. కానీ మీ అత్తగారి మాట ఎవరూ ఎత్తలేదేం? నేనూ అత్తగారినే కాబట్టి చెబుతున్నా. ముద్ద వద్దన్నాడంటే ఆవిడకి మనవడు తననే వద్దన్నట్టు ఉంటుంది. మా మనవరాలి దగ్గర నాకూ ఇదే జరిగింది, రెండు రోజులు మొహం ముడుచుకుని కూర్చున్నా. మా కోడలు తెలివైంది. "అత్తయ్యా, అది కలుపుకుంటుంది, మీరు నెయ్యి వెయ్యండి" అంది. ఇక నెయ్యి గిన్నె నా చేతిలో. అది కలుపుతుంది, చెయ్యి చాపుతుంది, నేను వేస్తా. మూడో రోజు అదే ఒక ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. ఉప్పు లేదు, సగం జారి చీర మీద పడింది. కింద పాత న్యూస్ పేపరు పరవండి, గొడవ వదిలిపోతుంది.

డాలస్ నాన్న:

మా అమ్మాయి రెండున్నరేళ్లకి డేకేర్‌కి వెళ్లినప్పుడు దానికి తెలుగు తప్ప ఏమీ రాదు. దాని ఫ్రెండు ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్ల. రోజూ ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర నిలబడి చెత్త లారీ కోసం ఎదురుచూసేవాళ్లు, అదే వాళ్ల స్నేహం. మా ఇంట్లో కొరకడం రెండు నెలలుండి పోయింది. మాటలు పెరుగుతున్న కొద్దీ తగ్గింది.

మియాపూర్ అమ్మ:

అందరికీ థ్యాంక్సండీ. బామ్మగారూ, నెయ్యి మంత్రం పనిచేసింది. అత్తయ్యగారు రోజూ పన్నెండున్నరకే నెయ్యి కరిగించి రెడీగా కూర్చుంటున్నారు.

నిన్న పులిహోర గిన్నె పట్టుకుని నేనే మూడో అంతస్తుకి వెళ్లా. పాపకి జలుబట, అందుకే పంపలేదట. నేనే ఏవేవో ఊహించుకుని రెండు రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నా. సాయంత్రం చిన్ని వచ్చింది. రెండో గ్యాస్కెట్ పెట్టాను. ఇద్దరికీ ఆ పాతదే కావాలి! టీచరుగారి మాట గుర్తొచ్చి వాడినే అడిగితే, పాతది తీసుకెళ్లి బీరువాలో పెట్టి, తలుపు రెండుసార్లు లాగి చూసుకుని వచ్చాడు. తర్వాత కొత్తది వీడికి, స్టీలు పళ్లెం ఆ పిల్లకి. రెండు బస్సులూ హాల్లో చెరో గోడ వెంట తిరిగాయి, హారన్లు తప్ప మాటల్లేవు.

వెళ్లేటప్పుడు లిఫ్టు దగ్గర మళ్లీ యుద్ధం. బటన్‌కి రెండోది ఎక్కడి నుంచి తేను?

గోదారి టీచరు:

పైకి ఒకటి, కిందికి ఒకటి ఉంటాయి కదండీ. చెరోటి నొక్కనివ్వండి. వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచండి.