అప్‌డేట్: మా తమ్ముడి స్కీ బైండింగ్ సంగతి

అనంతపురం నుంచి మళ్ళీ నేనే. గుల్‌మార్గ్‌కు స్కీ టూరింగ్ (స్కీలతోనే మంచు కొండ ఎక్కి దిగడం) పోతున్న మా తమ్ముడు సెకండ్‌హ్యాండ్ పిన్ బైండింగ్ (బూటును పిన్నులతో స్కీకి పట్టి ఉంచే బిగింపు) కొన్నాడు, పడితే బూటు ఊడుతుందా అని అడిగినాను కదా. తెలిసిన మెకానిక్‌తో చూపించినాము.

వీడిది పాత రకం. పక్కకు తిరిగినా, ముందుకు పడినా బూటును వదిలేది మడమ భాగమే. ఎంత బలానికి బూటు ఊడాలో చెప్పే నంబరు ఒకటుంటుంది; అమ్మినాయన తన బరువుకు పెట్టుకున్నది మావాడికి ఎక్కువ. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు చూసి మెకానిక్ తగ్గించినాడు. బూటు మారింది కాబట్టి మడమ దగ్గర బూటుకు, బైండింగ్‌కు మధ్య సందు కూడా సరిచేసినాడు. ఈ మోడల్‌కు 4 మిల్లీమీటర్లుండాల. అది లేకుంటే స్కీ వంగినప్పుడు మడమ ఇరుక్కుంటుంది.

ముందరి లివర్ సంగతి మీలో చాలామంది చెప్పిందే. ఎక్కేటప్పుడు పైకి లాగి లాక్ చేస్తారు. దిగేటప్పుడు అట్లే వదిలేస్తే పక్కకు ఊడదు. మంచు చరియల్లో చిక్కితే స్కీలే మనిషిని కిందికి లాగుతాయి. ఇంకోటి, ముందరి స్ప్రింగుల కింద ఐసు గడ్డకడితే పిన్నులు పూర్తిగా దిగవు, ఊరికే ఊడిపోతుంది. (మాకు ఐసు గీకే అనుభవం ఫ్రిజ్‌లోనే!) గీకేసి, బూటు తొడిగి మడమ అటూ ఇటూ తిప్పి చూడమన్నాడు.

ఐఎస్ఓ 13992 (టూరింగ్ బైండింగ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉంటే చాలని ఒకన్న రాసినాడు. ముద్ర మంచిదే అన్నా, కానీ బూటు ఊడే బలం లెక్కలు ముఖ్యంగా కాలి ఎముక విరక్కుండా వేసినవి, మోకాలి లిగమెంటుకు పూచీ లేదు.

ఊడిన స్కీ జారిపోకుండా బ్రేకు పెట్టాల్నా, లీషు (కాలికి కట్టే తాడు) పెట్టాల్నా అన్నది ఇంకా తేలలేదు.