చిన్న లేత్ మీద మొదటి టూల్: కార్బైడా, గౌజా?

కొత్తమొద్దు:
నెల క్రితం బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్ కొన్నాను, చెక్కని గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం. 10 అంగుళాల వ్యాసం ఉన్న ముక్క వరకు పడుతుంది. దాంతో ఆరు ఉలుల సెట్ వచ్చింది, ఒక్కదానికీ పదును లేదు. సాన పట్టే గ్రైండర్ లేదు. గిన్నెలు చేయాలని ఆశ. కొసన గట్టి ముక్క మార్చుకునే కార్బైడ్ టూల్ కొననా, లేక గ్రైండర్ కొని గౌజ్ (గుంట ఉన్న ఉలి) నేర్చుకోనా? పచ్చి మొద్దు ఒకటి తెచ్చి మూల పెట్టాను, చేతులు ఊరుకోవడం లేదు.

చెక్కపొట్టు:
గ్రైండర్ కొనండి. కార్బైడ్ కోయదు, గీకుతుంది. గౌజ్ బెవెల్‌ని, అంటే పదును వెనక ఉండే ఏటవాలు భాగాన్ని, చెక్క మీద ఆనించి, పిడిని మెల్లగా పైకి లేపుతూ పోతే ఒక చోట పొట్టు రిబ్బన్‌లా రావడం మొదలవుతుంది. ఆ క్షణం చేతికి తెలియాలి. అది తెలియకపోతే మిగతాదంతా శాండ్‌పేపర్ పనే.

ఆదివారం_తిరగలి:
ఆయన చెప్పిన ఆ క్షణం రావడానికి ముందు ఇంకో క్షణం వస్తుంది. గౌజ్ కరుచుకుని, గిన్నె దాన్ని పట్టి ఉంచే చక్ నుంచి ఊడి గోడకి కొట్టుకునే క్షణం. నాకు మూడుసార్లు వచ్చింది. కార్బైడ్‌ని టూల్ రెస్ట్ (పనిముట్టు ఆనించే కడ్డీ) మీద బల్లపరుపుగా, చెక్క మధ్య ఎత్తుకి పెట్టి నిదానంగా లోపలికి నెడితే చాలు. మొద్దుబారితే స్క్రూ వదులు చేసి ముక్కని కాస్త తిప్పుకుంటారు. గ్రైండర్, సాన కోణం నిలిపే జిగ్, సాన గోల ఏమీ ఉండదు. మొదటి రోజే గిన్నె చేతికొస్తుంది.

గరుకుచెయ్యి:
ఏది కొన్నా ముందు ఫేస్ షీల్డ్ కొనండి. కళ్లద్దాలు చాలవు.

చెక్కపొట్టు:
మొదటి రోజు వచ్చే గిన్నెని లైట్ కింద పెట్టి చూడండి. చుట్టూ ఎదురెదురుగా రెండు చోట్ల నార లేచి గరుకుగా ఉంటుంది. ఒక్క చుట్టులో టూల్ రెండుసార్లు నార కొసలకి ఎదురెళుతుంది. గీకే పనిముట్టు అక్కడ నారని కోయకుండా పీకేస్తుంది. పదునున్న గౌజ్‌ని బయటివైపు అడుగు నుంచి అంచుకి, లోపలివైపు అంచు నుంచి అడుగుకి నడిపితే నార ఒకదానికొకటి ఆసరా ఇస్తుంది. ఇది నా అభిప్రాయం కాదు, చెక్క స్వభావం.

ఆదివారం_తిరగలి:
"గీకుతుంది" అని రెండోసారి అన్నారు. కార్బైడ్ ముక్కల్లో గిన్నెలా గుంట ఉన్నవి కూడా ఉంటాయి. వాటిని పక్కకి వాల్చి పెడితే కోస్తాయి, పొట్టు కూడా రిబ్బన్‌లాగే వస్తుంది. వాడి చూశారా?

చెక్కపొట్టు:
దాన్నీ వాల్చి, బెవెల్ ఆనించే వాడాలి కదా. ఆ పాటిదానికి గౌజే నేర్చుకోవచ్చు.

ఆదివారం_తిరగలి:
అంటే కోస్తుందని ఒప్పుకున్నట్టేగా?

చెక్కపొట్టు:
ఆయన కొంటున్నది అది కాదు. చదునుగా ఉండే చతురస్రం ముక్క కొంటారు, అందరూ కొనేది అదే.

ఆకురాయి:
మూడు రోజులుగా ఒక్క క్రియాపదం మీద కొట్టుకుంటున్నారు.

కొత్తమొద్దు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. సెట్‌లో ఒక పెద్ద వెడల్పాటి గౌజ్ ఉంది. దాంతో గిన్నె మొదలుపెట్టొచ్చా?

చెక్కపొట్టు:
వద్దు! అది పొడవాటి కర్రల్ని గుండ్రం చేసే రఫింగ్ గౌజ్. పిడిలోకి దూరే తోక పల్చగా ఉంటుంది, గిన్నె మీద పెడితే అక్కడే విరుగుతుంది. దాన్ని పక్కన పెట్టేయండి.

ఆదివారం_తిరగలి:
ఇందులో మాత్రం ఆయన మాట వినండి. స్పీడ్ సంగతి: వ్యాసం అంగుళాల్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలంటారు. 8 అంగుళాల ముక్కకి సుమారు 750 నుంచి 1100. కానీ వంకర మొద్దుని దానికన్నా తక్కువలో మొదలుపెట్టండి. స్విచ్ వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, రెస్ట్‌కి తగలట్లేదని చూసుకోండి.

చెక్కపొట్టు:
ఇంకో మాట. గీకితే సన్న దుమ్ము, పైన శాండింగ్ దుమ్ము. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్ముని మనుషుల్లో క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. గౌజ్ పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోదు.

ఆదివారం_తిరగలి:
ఇక క్యాన్సర్ దాకా వెళ్లిపోయాం. మీరు శాండ్‌పేపర్ అసలు ముట్టుకోనట్టే మాట్లాడుతున్నారు. మాస్క్ పెట్టుకోమంటే ఒక్క మాటతో పోతుంది.

అసలు సంగతి నేనే చెప్తాను. రెండేళ్ల క్రితం నా మొదటి గిన్నె ఫొటో ఇక్కడే పెట్టాను. దాని కింద మీరు రాసింది ఒక్క వాక్యం: "ఇది చెక్కిన గిన్నె కాదు, రుద్దిన గిన్నె." అది మా అమ్మకిచ్చిన గిన్నె. ఆ తర్వాత నేను ఇక్కడ ఒక్క ఫొటో కూడా పెట్టలేదు.

ఆకురాయి:
అయ్యో.

చెక్కపొట్టు:
నాకు గుర్తు లేదు. వెతికి చూశాను, రాశాను. అమ్మగారి కోసమని తెలిస్తే రాసేవాణ్ని కాదు. కానీ ఫొటోలో అంచుకి కింద రెండు చోట్ల నార లేచే ఉంది.

ఆదివారం_తిరగలి:
ఇదే, ఇదే మీతో తంటా!

నాకు వారానికి దొరికేది రెండు గంటలు. ఆదివారం మధ్యాహ్నం, పాప పడుకున్నప్పుడు. అందులో నలభై నిమిషాలు గ్రైండర్ దగ్గర నిలబడి, ఇంకో ఇరవై నిమిషాలు జిగ్ కోణం సరిచూసుకుంటే చేతిలో ఏమీ ఉండదు. సోమవారం ఆఫీసుకి వెళ్లేటప్పుడు బల్ల మీద ఒక వస్తువు కనపడాలి నాకు. చిన్నదైనా సరే.

చెక్కపొట్టు:
జిగ్ ఒకసారి సెట్ చేసుకుంటే పదునుకి పట్టేది అర నిమిషం. సరే, అది పక్కన పెడదాం.

నేను మొదటి ఆరు నెలలు ఒక్క గిన్నె కూడా చేయలేదు. రోజూ ఒక కర్ర బిగించి, దాని మీద వరసగా పూసలు చెక్కి, మళ్లీ అన్నీ గీసేసి గుండ్రం చేసేవాణ్ని. కర్ర వేలంత సన్నమయ్యాక ఇంకొకటి. ఇంట్లో అడిగేవాళ్లు, ఇన్నాళ్లూ ఏం చేశావు, చూపించమని. చూపించడానికి ఏమీ లేదు. నాకు మాత్రం అంత హాయి ఇంకెక్కడా దొరకలేదు. ఉద్యోగంలో రోజంతా "ఏది, ఎంతవరకు వచ్చింది" అనే అడుగుతారు. ఇక్కడికొచ్చి కూడా మొదటి రోజే గిన్నె అంటే నాకు ఒళ్లు మండుతుంది. అదీ సంగతి.

ఆదివారం_తిరగలి:
అది మొదటి రోజే చెప్పొచ్చుగా? నార, కోణం, క్యాన్సర్ అని తిప్పారు ఇన్నాళ్లూ. మీకు కావాల్సింది పొట్టు, నాకు కావాల్సింది గిన్నె. ఆయనకి ఏది కావాలో ఎవరమైనా అడిగామా?

చెక్కపొట్టు:
గిన్నెలు చేయాలని ఆశ అని మొదటి పోస్టులోనే రాశారు.

గరుకుచెయ్యి:
:)

కొత్తమొద్దు:
అన్నీ చదువుతున్నాను, థ్యాంక్స్. ఒక ఇబ్బంది. మూల పెట్టిన పచ్చి మొద్దు ఈ తొమ్మిది రోజుల్లో రెండు కొసల్లోనూ పగిలింది. నడిమధ్య నుంచి అంచుదాకా గీతలు. ఒక గీతలో గోరు దూరుతోంది. పనికొస్తుందా?

ఆదివారం_తిరగలి:
కొసలకి మైనం పూయలేదా? పచ్చి మొద్దు కొసల నుంచే ముందు ఆరుతుంది.

చెక్కపొట్టు:
ఇప్పుడు పూసి లాభం లేదు. పగుళ్లు దాటేదాకా రెండు కొసలూ కోసేయండి. తర్వాత నడిబొడ్డు గుండా నిలువునా రెండు ముక్కలు చేసి, ఆ బొడ్డుని తీసేయండి. పగులు మొదలయ్యేది అక్కడే. ఇవాళే చేయండి, రేపటికి పెట్టకండి. తర్వాత కొసలకి పాత పెయింట్ రెండు పూతలు.

ఆదివారం_తిరగలి:
పెయింట్ కాదు, మైనం. పెయింట్ పొట్టుతో పాటు లేచి మొహం మీద పడుతుంది.

చెక్కపొట్టు:
ఫేస్ షీల్డ్ పెట్టుకోమని ఆయనకి ముందే చెప్పారుగా.