చుట్టాలకు ఒక్క రోజు చెన్నై చూపాలంటే టి.నగరా, మైలాపూరా?

వేళచ్చేరి వాసి
వచ్చే శనివారం నెల్లూరు నుంచి అమ్మ, పెద్దమ్మ, అక్కాబావలు వస్తున్నారు. పొద్దున్నే సెంట్రల్‌లో దిగుతారు, రాత్రి బండికి వెళ్లిపోతారు. మా ఆవిడ టి.నగర్ అంటోంది, నాకు మైలాపూరు మీద మనసుంది. పెద్దవాళ్లిద్దరికీ మోకాళ్ల నొప్పులు. బావగారికి ముక్క లేనిదే ముద్ద దిగదు. రెండు చోట్లా తిప్పి వాళ్ల ప్రాణం తీయడం నాకు ఇష్టం లేదు. ఏదో ఒకటే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

మాడవీధి
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? మైలాపూరే. టి.నగర్‌లో చూపించడానికి చీరల కొట్లు తప్ప ఏమున్నాయి?

రైలు దిగి కాస్త మొహం కడుక్కుని నేరుగా కపాలీశ్వరుడి గుడికి వచ్చేయండి. మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ నాలుగింటికే తెరుస్తారు. చుట్టాలను తీరిగ్గా పన్నెండున్నరకు తీసుకొచ్చి, తలుపులకు దండం పెట్టించి పంపేవాళ్లను చాలామందిని చూశాను. దర్శనం అయ్యాక అరండేల్ వీధిలో రాయర్ మెస్. కూర్చునే చోటు తక్కువ కనుక బయట నిలబడక తప్పదు. కానీ ఆ పొంగలి, గట్టి చట్నీ అంత పనీ చేయిస్తాయి. అంత ఓపిక లేకపోతే పొన్నంబల వాద్యార్ వీధిలో జన్నల్ కడై ఉంది. పాత ఇంటి కిటికీ ఊచల మధ్య నుంచి పళ్లెం అందిస్తారు, వీధిలోనే నిలబడి తినాలి.

తర్వాత దక్షిణ మాడవీధి. అరటిదూట, అరటిపువ్వు, లేత వంకాయలు, కట్టలు కట్టిన కరివేపాకు. ఇంట్లో దూటను చక్రాల్లా కోసి పీచును వేలికి చుట్టి లాగడం తెలిసిన మనిషైతే మీ పెద్దమ్మగారు ఆ బళ్ల దగ్గర నుంచి కదలరు. చివరగా కాళత్తి. పేరుకు పేపర్లు అమ్మే కొట్టు, జనం ఎగబడేది మాత్రం రోజ్‌మిల్క్ కోసం. 1927 నాటి దుకాణం.

మాంబళం మనవడు
మాడవీధి గారూ, టి.నగర్‌ను చీరల కొట్ల కింద జమకట్టేశారు. బాగుంది. ఆ పేటకు పెట్టింది పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు. నడిబొడ్డున ఉన్న పార్కు పానగల్ రాజావారిది, అంటే 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రిగా ఉన్న పానగంటి రామారాయణింగారిది. ఇద్దరూ తెలుగువాళ్లే. తిరుపతిలో గుండు చేయించుకుని, అదే బస్సులో మద్రాసు వచ్చి బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు ఇంటి ముందు నిలబడిన తరం పెద్దమ్మగారిది. ఆవిడకు ఆ రోడ్డు చూపించకుండా అరటిదూట చూపిస్తారా? అది నెల్లూరులో దొరకదా?

ఇక మోకాళ్ల సంగతి. సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే ఐదో స్టేషన్ మాంబళం, టి.నగర్‌కు దిగేది అక్కడే. రంగనాథన్ వీధి తొక్కిసలాటలో పడనక్కర్లేదు. 2023లో తెరిచిన ఆకాశ నడకదారి స్టేషన్ నుంచి బస్టాండు దాకా ఉంది. పొడవు 570 మీటర్లు, లిఫ్టులున్నాయి. పాండీ బజారులో 2019 నుంచి కాలిబాటలు వెడల్పయ్యాయి, అలసిపోతే కూర్చోవచ్చు. గుడి కావాలంటే వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వారి శ్రీవారి ఆలయం, జి.ఎన్.చెట్టి రోడ్డులో పద్మావతి అమ్మవారు. సాయంత్రం అదే రోడ్డులో మురుగన్ ఇడ్లీ కడైకి వెళ్లండి. అరిటాకు మీద మల్లెపువ్వులాంటి ఇడ్లీ, చుట్టూ రంగురంగుల చట్నీలు.

తాంబరం లోకల్
శనివారం టి.నగరా? పండగ నెల అయితే ఆ నడకదారి మీద కూడా అడుగు తీసి అడుగు వేయలేరు. చెప్పానంతే.

మాడవీధి
తెలుగు చరిత్ర పేరు చెప్పి టి.నగర్‌కు లాక్కుపోవడం అన్యాయం. అడిగినాయనది ఏ జిల్లా? శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. ఆ శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరశన మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి కన్నుమూసింది ఎక్కడ? మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో. ఇప్పుడది స్మారక భవనం. నెల్లూరు వాళ్లు చెన్నై వచ్చి పోతీస్ చీరల కొట్టు చూసి, ఆ ఇల్లు చూడకుండా వెళ్లిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

డిసెంబరులో, సంగీత కచేరీల కాలంలో వస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఏ సభలో కూర్చున్నా త్యాగయ్యగారి తెలుగే వినబడుతుంది. కచేరీకి టికెట్టు లేకపోయినా క్యాంటీన్‌లో ఆకేసి వడ్డిస్తారు. కొందరు దానికోసమే వస్తారు, నేనూ ఆ జాతే.

మాంబళం మనవడు
స్మారక భవనానికి నమస్కారం. మరి బావగారు అక్కడ ఏం తింటారు? గుడి చుట్టుపక్కల మాంసం వాసన కూడా తగలదు. టి.నగర్‌లో ఆంధ్రా భోజనం పెట్టే చోట్లు ఎన్నో ఉన్నాయి. పప్పు, గోంగూర, వేపుడు, శుభ్రంగా తినొచ్చు.

సౌకార్‌పేట కోడలు
నెల్లూరు మనిషిని చెన్నై తీసుకొచ్చి ఆంధ్రా భోజనం పెట్టడమేమిటండీ! ఇంట్లో చేపల పులుసు తిని వచ్చినాయనకు ఇక్కడ నీళ్ల పప్పు వడ్డించి గోంగూర అని చూపిస్తారా? నేనైతే మా మింట్ వీధికే రమ్మంటాను. కాకడ రాంప్రసాద్‌లో కుంకుమపువ్వు వేసిన వేడి బాదంపాలు, బళ్ల మీద మురుకు శాండ్‌విచ్: రెండు జంతికల మధ్య ఉల్లి, టమాటా, పచ్చడి. ఇది నెల్లూరులో దొరుకుతుందా, చెప్పండి.

తాంబరం లోకల్
మోకాళ్ల నొప్పులని మొదట్లోనే రాశారు కదా అమ్మా. మింట్ వీధిలో మోటారు సైకిళ్ల మధ్య పెద్దవాళ్లను ఎలా నడిపిస్తారు?

సౌకార్‌పేట కోడలు
అదీ నిజమే. అయితే కుర్రవాళ్లు వచ్చినప్పుడు తీసుకురండి. పెద్దవాళ్లతో అయితే నా ఓటు మైలాపూరుకే, ఒక షరతు మీద. మైలాపూరులోని లజ్ కూడలి వైపు నుంచి రావద్దు. మెట్రో రెండో దశ పనులతో అక్కడ రోడ్లన్నీ మళ్లించేశారు, ఆటోలో కూర్చున్నా నడుములు పడిపోతాయి. మీటరు వేయని ఆటో అయితే మళ్లింపు పేరుతో ఇంకో యాభై అడుగుతాడు, ఎక్కేముందే మాట్లాడుకోండి.

ఇంకో మాట. మాంబళం మనవడు గారు చెప్పిన రామారావుగారి రోడ్డు సంగతి కొట్టిపారేయలేం. మా అత్తగారు ఇప్పటికీ ఆ ముచ్చట చెబుతారు. కానీ ఆవిడను తీసుకెళ్తే ఇప్పుడక్కడ ఆగి చూసింది రెండు నిమిషాలు, చీరల కొట్లో కూర్చున్నది మూడు గంటలు. చరిత్ర పేరుతో టి.నగర్ వెళ్లేవాళ్లందరి సంగతీ అంతే.

మాంబళం మనవడు
మూడు గంటలు ఏసీలో కూర్చుని, వాళ్లిచ్చిన నీళ్లు తాగి, వంద చీరలు విప్పించుకోవడమూ సరదాయే కదా! మోకాళ్ల నొప్పులున్న మనిషికి అంతకన్నా సుఖమైన చోటు ఈ ఊళ్లో చూపించండి. గుడి వాకిట్లో రాతి మీద చెప్పుల్లేకుండా మధ్యాహ్నం ఎండలో నడిపించడం గొప్పా?

మాడవీధి
ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎండ నిజమే. పదింటిలోపు ముగించాలి. చీరలే కావాలంటే సన్నిధి వీధిలో రాధా సిల్క్ ఎంపోరియం ఉంది, ఏసీ అక్కడా ఉంటుంది.

వేళచ్చేరి వాసి
ఆ చివరి ముక్క మా ఆవిడకు చదివి వినిపించాను. “అయితే మైలాపూరే, కానీ కొట్లోంచి ఎప్పుడు లేవాలో నేను చెబుతాను” అంది. కాబట్టి గుడి, పొంగలి, చీరలు, కాళత్తి, ఈ వరసలో. శ్రీరాములుగారి ఇంటికి అమ్మ తప్పక వెళ్దామంది, పేపర్లో చదవడమే తప్ప ఎప్పుడూ చూడలేదట. ఎండ తగ్గాక మెరీనాకు వెళ్దాం. ఇసుకలో బళ్ల దగ్గర కారం పట్టించిన వంజరం ముక్కలు పెనం మీద వేయిస్తుంటారు, బావగారిని అక్కడ వదిలేస్తే ఇక పిలిచినా రారు.

మాంబళం మనవడు
వంజరం ధర అడిగాకే వేయించమనండి. ఆదివారం కూడా ఉండేటట్టయితే మాంబళం స్టేషన్ దగ్గరికి నేనే వస్తాను.