మూడో రోజుకే జ్వరం తగ్గింది, పది రోజుల మందు ఆపేయొచ్చా?

కావలి అమ్మ:
మా వాడికి ఎనిమిదేళ్లు. ఉన్నట్టుండి జ్వరం, మింగలేనంత గొంతు నొప్పి. దగ్గు, జలుబు లేవు. టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు, మెడ దగ్గర బిళ్ళలు కట్టాయి. డాక్టరుగారు స్ట్రెప్ అనే బాక్టీరియా గొంతులో చేరిందని చెప్పి అమాక్సిసిలిన్ సిరప్ పది రోజులకు రాశారు. ఇవాళ జ్వరం లేదు, ఇడ్లీ కూడా తిన్నాడు. ‘తగ్గినాక ఇంకా మందెందుకు, పిల్లోడు నీరసపడతాడు’ అంటోంది మా అత్తయ్య. ఆపొచ్చా?

కందుకూరు వాసి:
ఆపొద్దమ్మా. నాకు చిన్నప్పుడు గొంతు నొప్పి వస్తే ఉప్పునీళ్లు, మిరియాల కషాయంతోనే తగ్గింది. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గేలోపు చీలమండ, తర్వాత మోచెయ్యి. వాతమన్నారు, నూనె రాశారు. చివరికి నెల్లూరులో ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండెలోని మైట్రల్ వాల్వు లీకవుతోందని తేలింది. కీళ్లు మామూలైపోయాయి, వాల్వు మాత్రం కాలేదు.

గొంతులో చేరిన ఆ స్ట్రెప్ క్రిమి గుండెలోకి పోదట. దాని ప్రొటీనూ మన గుండె కండా ఒకే పోలికతో ఉండేసరికి, క్రిమి మీదికి పోవాల్సిన మన రోగనిరోధక శక్తే పొరబడి గుండె మీద పడుతుందని డాక్టరుగారు చెప్పారు. మళ్లీ స్ట్రెప్ సోకితే వాల్వు ఇంకా చెడుతుందని 21 రోజులకోసారి బెంజతీన్ పెన్సిలిన్ వేయించుకుంటున్నాను. చిక్కటి మందు, పిరుదుకు వేస్తే ఆ పూటంతా కుంటడమే. పెళ్లిచూపులకు కూడా సూది తేదీ చూసుకునే పోయాను!

కావలి అమ్మ:
చదివితే టెన్షన్‌గా ఉందన్నా. ఆపను. పాపకి కూడా ముందుజాగ్రత్తగా ఇదే పోయొచ్చా? ఇంట్లో పాత అజిత్రోమైసిన్ కూడా ఉంది.

ఒంగోలు నర్సు:
పాపకి ఏ లక్షణమూ లేకపోతే వద్దు. జ్వరం, గొంతు నొప్పి వస్తే అప్పుడు చూపించండి. గ్లాసు, స్పూను మాత్రం వేరుగా పెట్టండి. అజిత్రోమైసిన్ పెన్సిలిన్ పడని వాళ్లకు ఇచ్చేది, అది కొన్ని స్ట్రెప్ రకాల మీద పనిచేయదు కూడా. ఈ క్రిమికి పెన్సిలిన్ ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది, బాబుకి పోస్తున్న అమాక్సిసిలిన్ కూడా ఆ కోవదే.

ఇంకోటి. మరో రెండు మూడు వారాలు బాబు ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా వెంటనే తీసుకెళ్లండి. అది కిడ్నీల వాపు, కోర్సు పూర్తిచేసినా ఒక్కోసారి వస్తుంది. కలిపిన సిరప్ ఎన్నాళ్లు వాడొచ్చో సీసా మీద ఉంటుంది, పది రోజులకు రెండో సీసా కావాల్సి రావచ్చు.