ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు? చట్టం చేయాలా, వద్దా?

గోదారి_గట్టు
మా మామయ్యకి ఈ మధ్య ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది. రాత్రిపూట ఫ్లోరంతటికీ ఒక్క సిస్టర్. సెలైన్ అయిపోతే మేమే పరిగెత్తాలి, మూత్రం సంచి నిండితే మేమే చెప్పాలి. బిల్లులో మాత్రం 'నర్సింగ్ చార్జీలు' రోజుకింత అని విడిగా వేశారు. నర్సుకి ఇంతమంది పేషెంట్లే ఉండాలని చట్టం పెడితే తప్ప ఇది మారదని నా అభిప్రాయం. మీరేమంటారు?

నైట్_డ్యూటీ
స్టాఫ్ నర్సుని, విజయవాడ. రాత్రి ఇరవై రెండు బెడ్లకి నేనూ ఒక ఆయమ్మా. అంతమంది ఉంటే ఏం జరుగుతుందో చెప్తాను. ఇంజెక్షన్లు ఆగవు. ఇవ్వకపోతే పొద్దున డాక్టర్ అడుగుతారు. ఎవరూ అడగని పనులే ఆగిపోతాయి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, నోరు శుభ్రం చేయడం, ఊపిరి లెక్కపెట్టడం.

ఊపిరి సంగతే తీసుకోండి. ఏ వార్డులోనైనా కేస్ షీట్లు తిరగేయండి, అందరూ నిమిషానికి సరిగ్గా 20 సార్లే పీలుస్తుంటారు! ఒక్కొక్కరి దగ్గరా నిమిషం నిలబడి లెక్కపెట్టే టైం ఎక్కడిది? కానీ ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతుంటే బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. నిజంగా లెక్కపెడితే 28 ఉంటుంది, షీటులో 20 ఉంటుంది. పొద్దున ఐసీయూకి మార్చాక ఇంటివాళ్లు 'రాత్రి బాగానే ఉన్నాడండీ' అంటారు.

నర్సింగ్‌హోమ్_మేనేజర్
సిస్టర్ చెప్పింది కాదనను. లెక్క కూడా చూడండి. మాది సూర్యాపేట వైపు ముప్ఫై పడకల ఆస్పత్రి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం జనరల్ వార్డులో అయిదుగురికి ఒక నర్సు. ప్రతి షిఫ్టులోనూ ఇదే లెక్క అనుకుంటే షిఫ్టుకి ఆరుగురు, మూడు షిఫ్టులకి పద్దెనిమిది, సెలవుల కోసం 30 శాతం అదనం. మొత్తం ఇరవై నలుగురు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆస్పత్రిలో కూడా నెలకి 20,000కి తగ్గకూడదంది. నర్సుల జీతాలకే 4 లక్షల 80 వేలు! ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ రేటు మేం పెంచుకోలేం, బకాయిలేమో నెలల తరబడి రావు. పైగా 2024 జనవరిలో తెలంగాణలో దాదాపు 7 వేల మందికి స్టాఫ్ నర్సు ఉద్యోగాలిచ్చారు. మంచిదే, కానీ మా దగ్గర బాగా చేసేవాళ్లు అటే వెళ్లారు. చట్టం వస్తే కార్పొరేట్ ఆస్పత్రులకు ఏమీ కాదు. మూతపడేది మేము, హైదరాబాద్ దాకా మోసుకెళ్లాల్సింది మీరు.

లెక్కల_మాస్టారు
ఈ చర్చ వచ్చినప్పుడల్లా 'ఒక్క పేషెంటు పెరిగితే చావులు 7 శాతం పెరుగుతాయి' అనేస్తారు. అది 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయినవాళ్ల మీద చేసిన అధ్యయనం. ఏడు శాతం పెరిగింది 30 రోజుల్లోపు చనిపోయే అవకాశాల నిష్పత్తి, అంటే చనిపోయినవాళ్లకీ బతికినవాళ్లకీ మధ్య నిష్పత్తి. నూటికి ఏడుగురు అదనంగా పోయారని కాదు. నర్సులు ఎక్కువున్న ఆస్పత్రిలో డబ్బు, మంచి డాక్టర్లు, మిషన్లు కూడా ఎక్కువే ఉండొచ్చు. ఆ తేడాల కోసం వాళ్లు లెక్కల్లో కొన్ని సర్దుబాట్లు చేశారు గానీ, పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. కాలిఫోర్నియాలో 2004 నుంచి చట్టం అమల్లో ఉంది. నర్సులు పెరిగారు, కానీ పడక పుండ్లు, జారిపడటాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేల్చిన అధ్యయనాలూ ఉన్నాయి.

బ్రిస్బేన్_బాబాయ్
మాస్టారూ, మీ అనుమానానికి జవాబు మా ఊళ్లోనే ఉంది. ఆస్ట్రేలియాలోని మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 2016 జులై నుంచి కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే రూల్ పెట్టారు: పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు. రూల్ వచ్చిన 27 ఆస్పత్రుల్నీ రాని 28 ఆస్పత్రుల్నీ ముందూ తర్వాతా పోల్చి 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. రూల్ ఉన్నచోట మరణాలు, మళ్లీ చేరడాలు, బెడ్ మీద ఉండే రోజులు అన్నీ మెరుగ్గా వచ్చాయి. అదనపు నర్సుల కోసం పెట్టిన ఖర్చుకి రెట్టింపు పైనే మిగిలిందని లెక్కగట్టారు.

నర్సింగ్‌హోమ్_మేనేజర్
బాబాయ్ గారూ, అక్కడ మిగిలింది ప్రభుత్వానికి. ఇక్కడ పేషెంటు రెండ్రోజులు ముందు ఇంటికి వెళ్తే ప్యాకేజీ కేసులో నాకు కొంత కలిసొస్తుంది, క్యాష్ కేసులో ఆదాయం పోతుంది. ఇంకో మాట. మన దగ్గర ప్రతి బెడ్ పక్కనా ఒక అటెండెంట్ ఉంటారు. సగం పని వాళ్లే చేస్తారు. ఆస్ట్రేలియా లెక్క ఇక్కడ ఎందుకు?

నైట్_డ్యూటీ
అసలు సమస్యే అది. అటెండెంట్‌ని నర్సు లెక్కలో వేసుకుంటున్నారు. బెడ్‌పాన్ పెడతారు, అన్నం తినిపిస్తారు, నిజమే. సెలైన్ ఆలస్యమవుతోందని చక్రం తిప్పి వదిలేస్తారు కూడా.

ఒకసారి రాత్రి రెండింటప్పుడు రౌండ్‌కి వెళ్తే ఒక పెద్దాయన గాఢ నిద్రలో ఉన్నారు. వాళ్లావిడ 'రెండ్రోజుల నుంచి కునుకు లేదమ్మా, ఇప్పుడే పట్టింది, లేపకు' అని చెయ్యి అడ్డం పెట్టింది. నుదురు ముట్టుకుంటే చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. షుగర్ చూస్తే 38. సాయంత్రం ఇన్సులిన్ తీసుకుని ఇడ్లీ తినకుండా పక్కన పెట్టేశారట. ఆమె ప్రేమకి లోటు లేదు, కానీ అది నిద్ర కాదని ఆమెకెలా తెలుస్తుంది? ఆ రాత్రి డ్యూటీలో ఇద్దరం ఉన్నాం కాబట్టి రౌండ్‌కి వెళ్లగలిగాను.

గోదారి_గట్టు
అయితే చట్టం కంటే ముందు ఒక పని చేయొచ్చేమో. ప్రతి ఫ్లోర్లో బోర్డు పెట్టండి: ఈ షిఫ్టులో పేషెంట్లు ఇంతమంది, నర్సులు ఇంతమంది అని. మేనేజర్ గారికి ఇందులో అభ్యంతరం ఏముంటుంది?

నర్సింగ్‌హోమ్_మేనేజర్
ఏమీ లేదు, కార్పొరేట్ వాళ్లూ పెడితే. ఆ బోర్డు ఎవరు చూస్తారన్నదే నా డౌటు. చేరేటప్పుడు అందరూ అడిగేది రూమ్ రేటే.

నైట్_డ్యూటీ
బోర్డు మీద ఎవరిని రాస్తారో ముందు తేల్చండి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ పాసై రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లనేనా, ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లల్ని కూడానా? తొమ్మిది యూరప్ దేశాల మీద 2014లో వచ్చిన ఐకెన్ బృందం అధ్యయనంలో నర్సుల సంఖ్యతో పాటు డిగ్రీ చదివినవాళ్ల శాతం కూడా మరణాల్లో తేడా చూపించింది. మన దగ్గర చాలాచోట్ల అందరికీ ఒకే రంగు డ్రెస్సు. పేషెంటుకి అందరూ సిస్టర్లే.

నర్సింగ్‌హోమ్_మేనేజర్
ట్రైనింగ్ పిల్లల్ని లెక్కలోంచి తీసేయాలంటే మాత్రం నేను ఒప్పుకోను సిస్టర్. వాళ్లు లేకపోతే మా రాత్రి షిఫ్టే నడవదు.

నైట్_డ్యూటీ
ఇందాకటి నుంచి నేను చెప్తున్నదీ అదే కదా సార్.