యూనిఫాంల సీజన్ అయిపోయాక మా కుట్టు యూనిట్‌కు ఏడాదంతా ఆర్డర్లు ఎలా తెచ్చుకోవాలి?

కుట్టుకేంద్రం_నల్గొండ:
అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో ఒక గ్రామైక్య సంఘం, అంటే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసింది. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు మా సంఘాల ఆడవాళ్లమే కుడుతున్నాం, జతకు 75 రూపాయలు. బ్యాంకు లోన్‌తో ఓవర్‌లాక్, కాజా మిషన్లు కూడా తెచ్చుకున్నాం. బడులు తెరిచేదాకా రాత్రి పదింటికి కూడా మిషన్లు ఆగవు, ఆ పని అయిపోయిందంటే వాటి మీద గుడ్డ కప్పేసి పత్తి చేన్లలో కలుపు కూలికి పోవడమే, లోన్ వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు కొంత సరుకు ఆడవాళ్ల దగ్గరే కొనాలని రూల్ ఉందట, నిజమేనా? దుప్పట్లు, దిండు గలీబులు, యాప్రాన్లు ఏవైనా కుట్టగలం. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్_పర్చేజ్:
నిజమేనమ్మా. చిన్న సంస్థల నుంచి కొనాలనే ఆర్డర్ 2012లో వచ్చింది. 2018 సవరణ తర్వాత కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఏడాదిలో కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి, ఆ 25లోనే 3 శాతం మహిళల సంస్థలకు. రాష్ట్ర ఆఫీసులకు ఇది వర్తించదు. అలాగని ఆర్డర్ మీ ఇంటికి నడిచి రాదు, బిడ్ వేయాల్సిందే. ముందు సంఘం పేరు మీద పాన్ తీసుకుని ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, చేయించండి, అది పూర్తిగా ఉచితం, ఏ ఏజెంటుకూ రూపాయి ఇవ్వకండి. తర్వాత ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్లో సరుకు కొనే జెమ్ పోర్టల్‌లో చేరండి. ఉద్యమ్ ఉంటే టెండర్ డిపాజిట్ కట్టనక్కర్లేదు. ఇంకోటి, తక్కువ రేటు వేసింది పెద్ద కంపెనీ అయ్యి, మీ రేటు దానికంటే 15 శాతం లోపే ఎక్కువుంటే, ఆ తక్కువ రేటుకు మీరు ఒప్పుకుంటే ఆర్డర్‌లో నాలుగో వంతు దాకా అడగొచ్చు. ఇవన్నీ సొంతంగా తయారు చేసేవాళ్లకే, కొని అమ్మేవాళ్లకు కాదు.

ఓరుగల్లు_అక్క:
సార్ చెప్పింది కరెక్టే, కానీ చెల్లె, అసలు టెన్షన్ ఆర్డర్ వచ్చాకే. యూనిఫాంలకు బట్ట సర్కారే ఇస్తుంది, మీకు కుట్టుకూలి వస్తుంది. ఈ ఆర్డర్లకైతే బట్ట తాను, దారం, ప్యాకింగ్, లారీ కిరాయి అన్నీ మీ చేతి డబ్బులే. ఒక ఆఫీసుకు గలీబులు ఇచ్చి నెలల తరబడి బిల్లు కోసం తిరిగాను, ఈలోగా కుట్టినవాళ్లకు కూలి ఇవ్వడానికి బంగారం తాకట్టు పెట్టాను. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బులు ఇవ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. ఇవ్వకపోతే కేంద్ర చిన్న సంస్థల శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అందుకే సరుకు దింపిన రోజే తేదీ వేసి సంతకం చేసిన రసీదు తీసుకోండి, అది లేకపోతే 45 రోజులు ఎప్పటినుంచని లెక్కపెడతారు? మొదటి ఆర్డర్ చిన్నదే పట్టండి.

సమాఖ్య_పాత_అధ్యక్షురాలు:
నా బాధ వేరే. మహిళల సంస్థ అని బోర్డు పెట్టి వెనకాల మొగుడో మేస్త్రీనో నడిపేవి చాలా చూశాను, ఆమెకు సంతకం ఎక్కడ పెట్టాలో తప్ప రేటెంతో తెలియదు. వడ్ల కొనుగోలు సెంటర్లు సంఘాలకు ఇచ్చినప్పుడు కూడా ఆడవాళ్లకు ఏం తెలుసన్నారు. తేమ మిషన్ పట్టి, కాంటా పెట్టి, ట్రక్ షీట్ రాసి చూపించాం కదా! జెమ్ పాస్‌వర్డ్ మీ సభ్యుల దగ్గరే ఉంచండి. పని పంచేటప్పుడు మా మండలంలో ఒంటరి మహిళలకు ముందు వంతు ఇచ్చేవాళ్లం, నడవలేని ఒక సభ్యురాలికి గుండీలు కుట్టే పని ఇంటికే పంపేవాళ్లం, ఎవరికి ఎన్ని జతలిచ్చామో గోడ మీద రాసేవాళ్లం. లేదంటే లీడర్ చుట్టూ ఉన్న నలుగురికే పని దక్కుతుంది. రాష్ట్ర ఆఫీసుల ఆర్డర్ల కోసం మాత్రం ఒక్క సంఘంగా పోకండి, మండల సమాఖ్య తీర్మానం పట్టుకుని కలెక్టర్ దగ్గరికి పోండి.

కుట్టుకేంద్రం_నల్గొండ:
అందరికీ థాంక్స్. సంఘానికి పాన్ లేదు, రేపే మా మండలంలో సంఘాలు చూసే అధికారి ఏపీఎం గారిని కలుస్తాం. గలీబులకు బట్ట ఎక్కడ కొంటే మంచిది అక్కా?

ఓరుగల్లు_అక్క:
సిరిసిల్ల పోయి మగ్గాల వాళ్లనే నేరుగా అడగండి. తాను కొనేముందు మీటరు ముక్క తెచ్చి, ఉతికి ఆరేసి కొలవండి. కొన్ని కాటన్లు ఒక్క ఉతుక్కే లోపలికి లాగుతాయి, అప్పుడు కొలత తక్కువైందని లాటంతా వెనక్కి పంపుతారు.